గడ్డం కింద పట్టీ

“పెట్టె బయట పెట్టేశా. ఇంక మనిషి కూడా బయటికొస్తే ఒక పనైపోద్ది.”

దేవమ్మ ఈ మాట కోడలితో అనలేదు. వసారా గుంజకి ఆనుకుని నిలబడ్డ వియ్యంకుడితో అంది. కొడుకు మోటారు సైకిలు మీద నుంచి పడ్డ రోజు నుంచీ ఆమె కోడలితో నేరుగా మాట్లాడటం మానేసింది. ఏదైనా చెప్పాల్సొస్తే గోడకో, గేదెకో, దారిన పోయేవాళ్ళకో చెబుతోంది. ఇవాళ ఆ అదృష్టం గురజాల నుంచి పొద్దుటి బస్సుకి దిగిన కృపావరానికి పట్టింది.

కృపామణి తలెత్తలేదు. నులకమంచం పక్కన పీటేసుకుని కూర్చుని, మొగుడి నోట్లో చెంచాతో గంజి పోస్తోంది. పోసి, గొంతు కదిలేదాకా ఆగుతోంది. కదిలాక ఇంకో చెంచా. గుంటూరులో నర్సు ట్రైనింగులో నేర్చుకున్న పని అది. పెళ్ళయ్యాక ఆ చదువు ఎందుకూ పనికిరాదని అత్తగారు తేల్చేసింది. చివరికి అత్తగారి కొడుక్కే పనికొచ్చింది.

బాలశౌరి కళ్ళు తెరిచే ఉన్నాయి. దూలాన్ని చూస్తున్నాయి. కుడి చెవి పైన గుండు గీసిన చోట కుట్లు ఎండి, కొత్త జుట్టు మొలుస్తోంది. నరసరావుపేట డాక్టరు చెయ్యగలిగిందంతా చేసి, ఇంక ఇంటి దగ్గర చూసుకోమన్నాడు. బతుకుతాడా అని అడిగితే, “బతికే ఉన్నాడుగా” అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు.

“అన్నయ్యగారూ, మీకే చెప్పేది. మధ్యాన్నం బస్సు దాటితే మళ్ళీ సాయంత్రం దాకా లేదు.”

కృపావరం బడిపంతులు. ఊరంతటి చేతా ఎక్కాలు అప్పజెప్పించుకున్న మనిషి, వియ్యపురాలి ముందు మాత్రం ఎక్కం రాని పిల్లాడిలా నిలబడతాడు.

“అమ్మాయ్,” అన్నాడు గొంతు సవరించుకుని. “మీ అత్తగారు ఏదో బాధలో ఉన్నారు. కొన్నాళ్ళు మనింటికొచ్చి ఉంటే...”

“ఎవరు తిప్పుతారు నాన్నా?”

“ఏంది?”

“ఈయన్ని. గంటగంటకీ పక్కకి తిప్పాల. తిప్పకపోతే వీపు పుండు పడుద్ది. ఆ పుండు ఎముక దాకా పోద్ది. మా వార్డులో చూశా. తలకి దెబ్బ తగిలినోళ్ళు చానామంది తలతో పోరు నాన్నా, వీపుతో పోతారు.”

దేవమ్మ పెరట్లో గేదె వైపు తిరిగింది.

“ఇన్నావంటే? కన్నతల్లికి బిడ్డని తిప్పటం రాదంట. వీడు పుట్టినప్పుడు గుంటూరు నుంచి నర్సమ్మొచ్చి తిప్పిందా?”

గేదె నెమరేసింది.

“రాత్రి నేను కాస్త నడుం వాల్చినప్పుడు మీరు తిప్పారా అత్తమ్మా?” కృపామణి అడిగింది.

“దుప్పటి కప్పా,” అంది దేవమ్మ గేదెతోనే.

“ఈ ఎండల్లో దుప్పటేంది?”

దేవమ్మ వచ్చి, కొడుకు ఛాతీ దాకా ఉన్న దుప్పటిని ఇంకొంచెం పైకి లాగి, ఎడమ పక్కన బొంత కిందికి గట్టిగా దోపింది. పల్నాటి ఎండాకాలం. బండలు పగిలి చస్తున్నాయి. బాలశౌరి మెడ కింద చెమట గుంటకట్టి ఉంది.

పెరట్లో కోళ్ళు నీళ్ళు తాగుతున్నాయి. అవి తాగుతున్నది వెల్లకిలా పడేసిన ఒక ఆకుపచ్చ ఇనప టోపీలో. లోపలి తోలు నాని ఉబ్బిపోయింది. గడ్డం కింద పెట్టుకునే పట్టీ మట్టిలో పడి ఉంది. దాన్ని కోళ్ళ దగ్గర పెట్టింది దేవమ్మే. కృపామణి రోజూ పొద్దున్నే తెచ్చి కడిగి చూరుకి తగిలిస్తుంది. దేవమ్మ ఫాదర్‌గారి గుడి నుంచి రాగానే తీసి మళ్ళీ కోళ్ళకి పెడుతుంది. అత్తాకోడళ్ళ మధ్య మిగిలిన సంభాషణ ఇదొక్కటే.

అది కృపామణి అన్న పంపిన హెల్మెట్టు. అతను మిలిటరీలో మోటారు సైకిలు మీద టపా మోసే పని చేస్తాడు. బావ సాగర్ కాలువ పనుల్లో సూపర్‌వైజరై, కంట్రాక్టరు దగ్గర పాత బుల్లెట్టు పుచ్చుకున్నాడని తెలిసి, “ముందు ఇది పెట్టుకుని తర్వాత అది ఎక్కమను” అని పంపాడు. పాలెంలో అంతకు ముందు ఎవరూ అట్లాంటిది చూడలేదు. చూశాక వదల్లేదు. చట్టి అన్నారు. గుమ్మడికాయ అన్నారు. పిల్లలు వెంటబడ్డారు. బాలశౌరికి బుర్రలో పురుగు తిరుగుతోందనీ, గాలి తగిలితే లేస్తుందనీ, అందుకే మూత పెట్టారనీ రచ్చబండ దగ్గర తీర్మానమైంది.

ఈ ఊళ్ళో తలకాయకి ఉన్న పనులు బరువు మొయ్యటం, తలగుడ్డ చుట్టుకోవటం, పెద్దల ముందు వంగటం. దాన్ని కాపాడుకోవటమనే పని ఎవరూ వినలేదు. అది కోడలు తెచ్చిపెట్టిన పని.

“వదినా, మజ్జిగున్నాయా?”

పక్కింటి అంకమ్మ చెంబు పట్టుకుని వచ్చింది. ఆమె ఇంట్లో రెండు పాడి గేదెలున్నాయి. మజ్జిగ కోసం వచ్చిందని ఎవరూ అనుకోలేదు. వసారాలో పెట్టె చూసింది, కృపావరాన్ని చూసింది, తృప్తిగా అరుగు మీద కూలబడింది.

“కోళ్ళకి మంచి తొట్టే దొరికింది వదినా. సొట్ట పడ్డా కారటంలా.”

“దేనికో ఒకదానికి పనికి రావాలగా,” అంది దేవమ్మ.

“నేను ఆ రోజే అన్నా. చెవులు మూసుకుపోతే ఎనకొచ్చేది ఎట్టా ఇనపడుద్ది? కళ్ళ మీదికి జారితే ముందున్నది ఎట్టా కనపడుద్ది? దేవుడు పుర్రె ఇచ్చిందే టోపీగా గదా. దాని మీద ఇంకోటెందుకు? మా బావ తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. ఏ టోపీ లేదు. ఇప్పటికీ బతికే ఉన్నాడు.”

“లేచి నడుస్తున్నాడా పిన్నీ?” అంది కృపామణి.

“నడవడు గానీ, బతికే ఉన్నాడుగా.”

“మిమ్మల్ని గుర్తుపడతాడా?”

“నన్ను గుర్తుపట్టి ఏం చేస్తాడులే ఆ మనిషి,” అంది అంకమ్మ. తర్వాత ఆ జవాబు ఎటు పోయిందో తనకే అర్థమై, చెంబులోకి చూసుకుంది.

గుడి దగ్గర పెద్దలతో మాట్లాడి దేవమ్మ మొగుడు జ్ఞానయ్య అప్పుడే వచ్చాడు. పొడుగాటి మనిషి. తలగుడ్డ చుట్టుకుంటే గుమ్మంలో వంగాలి. ఇంట్లో ఆయన మాట తక్కువ. తక్కువగా మాట్లాడేవాళ్ళ మాట ఎక్కువ చెల్లుతుంది కాబట్టి ఆయన తక్కువే మాట్లాడతాడు.

“ఇంకా పోలా?”

“మామయ్యా, ఒక్కసారి నా మాట ఇనండి,” కృపామణి గంజి గిన్నె కింద పెట్టి లేచింది. “ఆ టోపీకి సొట్ట ఎడమ పక్కన పడింది. ఆయనకి దెబ్బ కుడి పక్కన తగిలింది. నెత్తిన ఉంటే అట్టా ఎట్టా అయిద్ది? పట్టీ తెగలేదు. టిచ్‌బటన్ ఊడదీసి ఉంది. బండి పెట్రోలు ట్యాంకు మీద ఆకుపచ్చ రంగు గీసుకుపోయి ఉంది, మీరూ చూశారు. ఆయన టోపీ తీసి ఎడమ హ్యాండిల్‌కి తగిలించాడు. రోడ్డు పక్క సిలువ దాటాక ఊళ్ళోకి ఎడమకి తిరగాల. తిప్పబొయ్యేసరికి హ్యాండిల్‌కీ ట్యాంకుకీ మధ్య టోపీ ఇరుక్కుంది. బండి తిరగలా. నేరుగా కాలువ రాళ్ళలోకి పోయింది.”

జ్ఞానయ్య అంతా విన్నాడు. ఆలోచించాడు కూడా.

“అంటే టోపీ వల్లే పడ్డాడుగా.”

“మామయ్యా...”

“నెత్తిన ఉంటే ఏంది, చేతికుంటే ఏంది. నువ్వు తెచ్చిన టోపీయేగా అడ్డం పడింది?”

“నెత్తిన ఉంటే ఇవాళ మనతో మాట్లాడుతుండేవాడు!”

“మరి ఎందుకు తీశాడు?”

పెళ్ళాం పోరు పడలేక బాలశౌరి టోపీ పెట్టుకోవటం మొదలుపెట్టాడు, తర్వాత అలవాటు పడ్డాడు. వేసవి గాలికి కళ్ళలో దుమ్ము పడటంలేదనీ, ముప్పాళ్ళ రోడ్డులో లారీ ఎగరేసిన రాయి నెత్తిన ఠంగుమందనీ నవ్వాడు కూడా. కానీ ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం టోపీ ఎప్పుడూ హ్యాండిల్‌కి వేలాడుతూ వచ్చేది. ఎందుకు తీశావంటే “గాలాడాలగా” అనేవాడు. ఇంటి ముందు తీస్తున్నాడనుకుంది. ఇల్లు చేరితే ఇంక భయమేముందనుకుంది.

“తెలీదు,” అంది.

దేవమ్మ వంగి, దోపిన దుప్పటినే మళ్ళీ దోపింది.

“అత్తమ్మా,” కృపామణి ఆమె వీపుతో అంది. “సిలువ ముందు తల కప్పుకుని పోతన్నాడని ఆ మధ్య మీరు గోల చేశారుగా. ఆ తర్వాత ఆయన్తో ఏమన్నా అన్నారా?”

తారు రోడ్డు వదిలి పాలెం వైపు మట్టిరోడ్డు ఎక్కే చోట సిలువ దిమ్మె ఉంది. అక్కడికి రాగానే మగవాళ్ళు తలగుడ్డ తీసి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, మళ్ళీ చుట్టుకుని ఊళ్ళోకి వస్తారు. తాతల నాటి పద్ధతి. ఊరి ఎడ్లు కూడా ఎవరూ పగ్గం లాగకుండానే అక్కడ ఆగుతాయి. మోటారు సైకిలుకి ఆ అలవాటు లేదు.

“నేనేమంటా?” అంది దేవమ్మ. తిరక్కుండానే అంది. కోడలికి నేరుగా జవాబు చెప్పటం చాలా రోజుల్లో అదే మొదటిసారి. అది ఎవరూ పట్టించుకోలేదు, కృపామణి తప్ప.

“తల్లీ,” కృపావరం సర్ది చెప్పబోయాడు. “జరిగిందేదో జరిగింది. మీ అన్న అది పంపకుండా ఉంటే బాగుండేది. నేనప్పుడే అనుకున్నా, మనకెందుకు ఈ మిలిటరీ సామాన్లని.”

కృపామణి తండ్రి వైపు చూసింది. ఆయన పెట్టె వైపు చూశాడు.

“అప్పుడే అనుకున్నావా నాన్నా?”

“అంటే... పైకి అనలేదు.”

“ఇప్పుడు పైకి అన్నావు. మంచిది.”

అంకమ్మ ఇది చూసి నాలుక చప్పరించింది. జాలితోనో, రుచితోనో చెప్పటం కష్టం.

జ్ఞానయ్య చెయ్యెత్తాడు. “అరుపులొద్దు. బావగారూ, నేను అన్యాయపు మనిషిని కాను. పిల్ల రేపు ఫాదర్‌గారి ముందు, నా మొండితనం వల్లే ఇట్టా అయిందని ఒప్పుకుని, మా దాని కాళ్ళు పట్టుకుంటే ఇంట్లోనే ఉండనిస్తా.”

కృపావరం ముఖంలో వెలుగు వచ్చింది, ఎవరో లెక్క చేసిపెట్టినట్టు.

“కాళ్ళు పట్టుకుంటే ఆయన్ని తిప్పనిస్తారా?” అంది కృపామణి.

“నీ మొగుడేగా. తిప్పుకో.”

“వీపు తుడవనిస్తారా? దుప్పటి తీసేయనిస్తారా?”

“ఆఁ.”

“సరే. రేపెందుకు, ఇప్పుడే పట్టుకుంటా.”

ఆమె మంచం చుట్టూ తిరిగి వచ్చి వంగింది. పరువు గురించి ఆలోచించలేదు. తిప్పాల్సిన వేళైందని మాత్రం ఆలోచించింది.

దేవమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. నిప్పు మీద నుంచి లాక్కున్నట్టు.

“ఒద్దు! అది నన్ను ముట్టుకోవద్దు. పట్టుకున్నా ఒద్దు, ఏడ్చినా ఒద్దు. దాన్ని పంపెయ్యి. అది ఈ మంచం దగ్గర ఉండకూడదు.”

“నువ్వేగా క్షమాపణ అడగాలన్నావ్?” జ్ఞానయ్య ఆశ్చర్యంగా చూశాడు.

“ఇప్పుడొద్దంటన్నా. నా బిడ్డని నేను చూసుకుంటా. అది పోవాల!”

కృపామణి లేచి నిలబడింది. అత్తగారి ముఖాన్ని చూసింది. అది కోపం ముఖం కాదు. వార్డులో చాలా ముఖాలు చూసింది. రోగి ఏం మాట్లాడేస్తాడోనని కూర్చున్న బంధువుల ముఖం ఒకటుంటుంది. ఇది ఆ ముఖం.

“పోతా,” అంది నెమ్మదిగా. “పోయేముందు ఒకసారి ఒళ్ళు తుడిచి పోతా.”

“నేను తుడుస్తా.”

“మీరు తుడవరు అత్తమ్మా. మీరు కప్పుతారు.”

తడిగుడ్డ పిండి, దుప్పటి పట్టుకుని లాగింది. కుడి పక్కన తేలిగ్గా వచ్చింది. ఎడమ పక్కన రాలేదు. చెయ్యి పెట్టి చూసింది. దుప్పటి అంచు బాలశౌరి ఎడమ మణికట్టుకి మడత మీద మడత చుట్టి, బొంత కిందికి దోపి ఉంది. చర్మం మీద అచ్చుపడి ఎర్రగా కమిలింది.

“ఇదేంది?”

“జారిపోద్దని,” అంది దేవమ్మ. అని, మంచానికి అడ్డంగా వచ్చింది. కృపామణి అప్పటికే మడతలు విప్పేసింది.

అదే సమయానికి గుడిలో మధ్యాన్నపు జపం గంట మోగింది.

గంట మోగితే పాలెంలో పనులాగుతాయి. జ్ఞానయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. కృపావరం లేచి చేతులు కట్టుకున్నాడు. దేవమ్మ చెయ్యి కూడా, ఆమె ఒద్దనుకున్నా, అలవాటు కొద్దీ నుదుటి దగ్గరికి పోయింది. అంకమ్మ గుడి మనిషి కాకపోయినా చెంబు కింద పెట్టింది.

మంచం మీద బాలశౌరి ఎడమ చెయ్యి లేచింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఒంట్లో మింగే గొంతు తప్ప ఇంకేదైనా తనంత తాను కదలటం కృపామణి చూడటం అదే మొదలు. చెయ్యి వణకలేదు. పనిమీద పోతున్న చెయ్యిలా నేరుగా గడ్డం కిందికి వచ్చింది. బొటనవేలు ఏదో వెతికి, నొక్కింది. వేళ్ళు తల పక్కకి వచ్చి, లేనిదాన్ని పట్టుకుని, పైకెత్తి, ఎడమ పక్కకి చాచి, లేని చోట తగిలించాయి. గడ్డం కొంచెం కిందికి వంగింది. ఒక్క క్షణం. తర్వాత చెయ్యి మంచం మీద పడింది.

గంట ఆగలేదు. చెయ్యి మళ్ళీ లేచింది.

“పట్టుకోండి! చెయ్యి పట్టుకోండి!” దేవమ్మ దాని మీద పడింది.

“ఏందే అది?” అన్నాడు జ్ఞానయ్య.

“ఏంది? ఏం లేదు. ఈగ. మెడ మీద ఈగ వాలింది.”

“పట్టీ విప్పుతున్నాడు మామయ్యా,” అంది కృపామణి.

కృపామణి వసారా దిగింది. కోళ్ళు చెదిరాయి. టోపీలో నీళ్ళు పారబోసి, కొంగుతో తుడిచి తెచ్చింది. మొగుడి తల కింద ఒక చెయ్యి పెట్టి, కుట్లకి తగలకుండా, పసిపిల్ల తలకి టోపీ పెట్టినంత నెమ్మదిగా పెట్టింది. గడ్డం కింద టిచ్‌బటన్ టక్కుమంది.

“ఇప్పుడు సిలువ గుర్తు ఏసుకోండి మామయ్యా. ఆయనకి కనపడేట్టు.”

“వద్దయ్యో!” కొడుకు చెయ్యి వదిలేసి రెండు చేతులూ జోడించింది దేవమ్మ. “నీకు దణ్ణం పెడతా, ఒద్దు!”

భార్య అట్లా అనకపోతే జ్ఞానయ్య వెయ్యకపోయేవాడేమో. ఆయన చెయ్యి నుదుటికి, ఛాతీకి, భుజాలకి వెళ్ళింది.

కొడుకు చెయ్యి లేచింది. ఈసారి దానికి పని దొరికింది. బొటనవేలు బటన్ నొక్కింది, ఊడింది. వేళ్ళు టోపీని తల మీద నుంచి ఎత్తాయి, ఎడమకి చాచాయి, వదిలేశాయి. హ్యాండిల్ లేదు. టోపీ నేల మీద పడి, దొర్లుకుంటూ పోయి, దేవమ్మ కాళ్ళ దగ్గర ఆగింది.

కుడి చెయ్యి పిడికిలి బిగించే ఉంది. యాక్సిలేటరు వదల్లేదు.

“బండి ఆపలేదు,” అంది కృపామణి. “పోతూ పోతూ ఒంటి చేత్తో తీసేవాడు. రోజూ.”

“నేను ఆపమన్నా!”

అరిచింది దేవమ్మ. అరిచాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ మాట దాటిపోయింది.

“ఏమన్నావ్?” జ్ఞానయ్య గొంతు తగ్గింది.

“ఆపి తియ్యమన్నా. ఎడ్లబండి వాళ్ళు ఆపటంలా? ఆగి, తీసి, దణ్ణం పెట్టుకుని, కొసకంటా నడిపించుకుంటా రమ్మన్నా. నా మీద ఒట్టేయించుకున్నా. సిలువ ముందు తల కప్పుకుని పోతే నా శవాన్ని చూస్తావన్నా. తల్లి అంటే ఆ మాత్రం భయం ఉండద్దా? పోతా పోతా తియ్యమన్నానా నేను? ఆగటానికి ఏం రోగం వాడికి? మోటారెక్కితే దేవుడి ముందు కూడా దిగకూడదా?”

ఆమె కొడుకు మీద అరుస్తోంది. కొడుకు దూలాన్ని చూస్తున్నాడు.

“ఇంటికి తెచ్చినకాడి నుంచీ ఇట్టాగే చేస్తున్నాడు,” అంది కింద కూలబడుతూ. “గంట మోగితే చేస్తున్నాడు. నేను దణ్ణం పెట్టుకుంటే చేస్తున్నాడు. గంట ఏళకి దుప్పటితో చుట్టి, అది తిప్పే ఏళకి ఇప్పేదాన్ని. నాకు జపం లేకుండా చేశాడు.”

కృపామణికి ఆ క్షణంలో అత్తగారి పక్కన కూర్చోవాలనిపించింది. ఒక్క అడుగు కూడా వేసింది. తర్వాత మొగుడి మణికట్టు మీద ఎర్రటి అచ్చు కనిపించింది. ఆగిపోయింది.

“ఇంక నన్ను పంపక్కర్లేదుగా మామయ్యా,” అంది.

జ్ఞానయ్య అరుగు మీద అంకమ్మను చూశాడు. చాలాసేపు చూశాడు. ఊరి పెద్ద ఇల్లు అది. గుడిలో ముందు వరస ఇల్లు. పెళ్ళాం ఒట్టు వల్ల కొడుకు తలకాయ పగిలిందని రేపు రచ్చబండ దగ్గర అనిపించుకునే ఇల్లు కాదు.

“అంకమ్మా. నువ్వేం చూశావ్?”

అంకమ్మ కొంగు సర్దుకుంది. ఆమెకి ఆ ఇంటి చేను మీదుగానే తన చేలోకి దారి ఉంది.

“నేనేం చూశా అన్నా? ఈగ. మెడ మీద వాలింది. పెద్ద ఈగే.”

“బావగారూ, మీరు?”

కృపావరం కూతురి వైపు చూడలేదు. “ఎండాకాలం గదండీ,” అన్నాడు. “ఈగలెక్కువే.”

అంతే. అంత తేలిగ్గా అయిపోయింది. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. ఒక ఈగని అందరూ కలిసి పుట్టించారు.

జ్ఞానయ్య చంకలో ఉన్న తలగుడ్డ తీసి, మడత విప్పి, నేల మీద ఉన్న భార్య ఒళ్ళో పడేశాడు.

“చెయ్యి కట్టు,” అన్నాడు. “దుప్పటి ఆగటంలా. దీనితో కట్టు.”

దేవమ్మ మొగుణ్ణి చూసింది. తలగుడ్డని చూసింది. లేచింది. కొడుకు ఎడమ చేతిని ముందు ముద్దుపెట్టుకుంది, తర్వాత మంచం కోడుకి కట్టింది. మూడు ముళ్ళూ గట్టిగా వేసింది. ఏడుస్తూనే వేసింది.

“బావగారూ, పిల్లని తీసకపొండి. ఇంక ఇది మా ఇంటి సంగతి.”

రోడ్డు మీద, సిలువ దగ్గర, బస్సు హారన్ మోగింది. కృపావరం పెట్టె పిడి పట్టుకున్నాడు.

“ఆగు నాన్నా.”

కృపామణి పెట్టె దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. మూత ఎత్తింది. పెళ్ళి చీర పక్కకి తోసింది. అడుగున తెల్లటి యూనిఫారం చీర, దాని మడతలో కట్లు కోసే కత్తెర. ఒక మొన మొద్దుగా ఉంటుంది, రోగి చర్మం తెగకుండా. ఇంకో మొనకి ఆ మొహమాటం లేదు.

దాన్ని తీసుకుని మంచం వైపు వచ్చింది. జ్ఞానయ్య అడ్డంగా నిలబడ్డాడు. తలగుడ్డ లేని ఆయన తల మొదటిసారి ముసలిగా కనిపించింది.

“జరగండి మామయ్యా. తిప్పాల్సిన టైమైంది.”

“జరగను. కొయ్యాలంటే నన్ను కొయ్యి.”

మళ్ళీ హారన్ మోగింది. ఆయన వెనక, ముళ్ళ కింద, బాలశౌరి బొటనవేలు లేని బటన్‌ని నొక్కుతూనే ఉంది.

కృపామణి కత్తెర తెరిచింది.